తంబాకుకు పచ్చలైటు

మా ఇంట్లో లైటుకు స్విచ్చి ఉంటుంది గానీ దాన్ని ఎవరూ నొక్కకూడదు. మా ఆయనకు బోధన్‌లో కరెంటు సామాన్ల దుకాణం. ఇంకా ఎవరింట్లోనూ పెట్టని వింతలన్నీ ముందు నిజామాబాద్‌లోని మా ఇంట్లో పెట్టి చూస్తాడు. ఫోను మీద వేలు పెడితే మోటారు నడుస్తుంది. నోటితో చెబితే ఫ్యాను తిరుగుతుంది. దీన్ని స్మార్ట్ హోమ్ అంటారట. కరెంటు పోతే మా గల్లీలో అందరి ఇళ్లలో వెలుతురు పోతుంది, మా ఇంట్లో తెలివి కూడా పోతుంది. ఈ మాట ఆయన ముందే అంటాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ముప్పై ఏళ్లుగా నా నోటికి అలవాటు పడిన మనిషి.

మా అవ్వ మాతోనే ఉంటుంది. అవ్వ అంటే మా అమ్మే. మా వైపు కన్నతల్లిని అట్లాగే పిలుస్తాం. డెబ్బై దాటింది. ఈ వింతలన్నీ ఆమెకు మహా ఇష్టం. మాట్లాడే డబ్బాను "ఇగో బిడ్డా, జర లైటెయ్యవా" అని బతిమాలుతుంది. దానికి మా తెలుగు అర్థం కాదు. పాపం, దానికి చెవుడని అవ్వ జాలిపడుతుంది. పొద్దున లేచి చాయ్ తాగి, నడిమి అర్రలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెడుతుంది. తునికాకు ముక్కలో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టే ఆ పని పెళ్లయిన నాటి నుంచీ చేస్తోంది. ఇప్పుడు చేయాల్సిన అవసరం ఏమీ లేదు. నేను పంతులమ్మను, ఆయనకు దుకాణం ఉంది. ఎన్నిసార్లు మానమన్నా, చేతులు ఊరికే ఉంటే పానం పోతుందంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చెప్పి లాభం లేదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బోధన్ పక్కన ఎడపల్లిలో మాది ఒక్క అర్ర ఇల్లు. బాపు చెరుకు బండ్లు తోలేవాడు. చెరుకు నరికే కాలంలో ఇంటికే వచ్చేవాడు కాదు. ఆ ఒక్క అర్రలోనే వంట, పడక, అవ్వ చాట, తంబాకు సంచి. చలికాలం వచ్చిందంటే నా రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. మంచంలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, గాలి కోసం కొట్టుకునేదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూసి, ఇంట్లో తంబాకు పెట్టుకుంటే పిల్లకు దమ్ము రాక ఏమవుతుందని అవ్వ ముఖం మీదే అనేవాళ్లు. సూది వేసే డాక్టరూ అదే అన్నాడు. అవ్వ ఎవరికీ జవాబు చెప్పలేదు. తల వంచుకుని చుట్టుకుంటూనే ఉండేది. ఏడో తరగతికి నన్ను నిజామాబాద్ హాస్టల్లో వేశారు. ఆ చలికాలం నాకు ఆయాసం రాలేదు. తరువాతా రాలేదు. ఇల్లు వదలగానే రోగం వదిలిందని నేనెన్నడూ నోటితో అనలేదు. అవ్వ కూడా అనలేదు. కానీ ఆమెకు ఆ సంగతి తట్టకుండా ఉంటుందా?

ఇప్పుడు అసలు కథ. మా బిడ్డ తొలిచూలు కాన్పు కోసం ఏడో నెలలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండు వారాలకే దానికి రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ చప్పుడు వినగానే దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ మందు రాసిచ్చి, ఇంట్లో గాలి ఎట్లా ఉందో చూసుకోండి, రేపు పసిబిడ్డ కూడా అదే గాలి పీల్చాలి కదా అంది. నేను నోరు విప్పకముందే మా బిడ్డ, అమ్మమ్మ ఇంట్లో బీడీలు చేస్తుందని చెప్పేసింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంట్లో గాలిని కొలిచే మీటర్లు వస్తున్నాయట, గాలి చెడితే అదే ఫ్యానుకు చెబుతుందట, ఫ్యాను తనంతట తానే తిరుగుతుందట. బిడ్డకు ఆయాసమని నేను ఏడుస్తుంటే ఈయనకు కొత్త ఆటబొమ్మ దొరికింది. చెడామడా తిట్టాను. తిట్టి, అది ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

అవ్వకు మాత్రం నచ్చలేదు. ఇంట్లోకి ఏ వింత వచ్చినా మొదట ముట్టి చూసే మనిషి, దీనికి ఒప్పుకోలేదు.

"గాలి సూసుటానికి మిషినెందుకే? గాలి సోకితె మజీదు కాడికి తీస్కపోతరు. నమాజు అయినంక ఊదుతరు, వోతది."

మా దగ్గర గాలి సోకడమంటే దయ్యం గాలి తగలడం. పిల్లలు ఉలిక్కిపడి ఏడిస్తే ఏ కులం వాళ్లయినా మసీదు ముందు నిలబడతారు. ఇది ఆ గాలి కాదవ్వా అని నవ్వాను. నవ్వుతూనే కొంచెం కసిరాను కూడా. మరునాడు చూస్తే ఆమె చాట గోడ దగ్గర లేదు. కిటికీ కిందికి జరిగింది. ఏ గాలి గురించి మాట్లాడుతున్నామో ఆమెకు బాగానే తెలుసు. నేనే తెలివితక్కువగా నవ్వాను.

ఆ మీటరును ఎంచుకోవడానికి మాకు పదిహేను రోజులు పట్టింది. మా బిడ్డకు పెళ్లికొడుకును వెతికినప్పుడు కూడా అంత చూడలేదు. అన్నం తిన్నాక ఇద్దరం సోఫాలో కూర్చుని ఫోనులో చూసేవాళ్లం. ఒకటి ఏడు రకాలు కొలుస్తుంది. ఒకటి గడియారంలా ఉంటుంది. ఒకటి చూడటానికి పౌడరు డబ్బా. ఆయనకు అది ఫ్యానుతో కలవాలి, ఫోనుకు కబురు పంపాలి, అంతే కావాలి. నాకు కావలసింది వేరు. అవ్వకు అది చదవడం రావాలి. ఆమెకు అక్షరం ముక్క రాదు. మీటరు ఏదో ఇంగ్లిషులో గొణిగితే, దానికి నేను అర్థం చెబితే, నేనే చాట తీయించడానికి కల్పించి చెప్పానని అనుకుంటుంది. ఏం చూపించినా ఆమె కళ్లతో ఆమే చూడాలి. అందుకే ముఖం బొమ్మ ఉన్నదాన్ని పట్టుబట్టి తెప్పించాను. గాలి మంచిదైతే పచ్చలైటు వెలిగి ముఖం నవ్వుతుంది. చెడ్డదైతే ఎర్రలైటు వెలిగి మూతి ముడుచుకుంటుంది.

వచ్చిన రోజు దాన్ని నడిమి అర్రలో టీవీ పక్కన పెట్టాం. అవ్వ చాట ముందు కూర్చుని తంబాకు నలుపుతోంది. నలుపుతూ ఒక కన్ను దాని మీదే వేసింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పచ్చలైటు. నవ్వు ముఖం. అవ్వ తంబాకు జల్లెడ పట్టింది. పచ్చలైటే. చాట దులిపింది. దానికి చలనం లేదు, నవ్వుతూనే ఉంది.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పూట రోజూ కంటే ఎక్కువ అన్నం తిన్నది.

తొమ్మిదో నెల పడకముందే సీమంతం చేశాం. చుట్టాలు పాతికమంది వచ్చారు. దోమలకు భయపడి కిటికీలు మూశాం. అర్ర నిండగానే మీటరు మూతి ముడిచింది, ఎర్రలైటు వెలిగింది, గాలిని బయటికి తోసే గోడ ఫ్యాను మోత పెట్టి తిరిగింది. ఆడవాళ్లు ఉలిక్కిపడి చూశారు. సుట్టాలొస్తే ఎల్లగొట్టే మిషినా ఇది అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అవ్వ మాత్రం అందరి మధ్యా నిటారుగా కూర్చుంది. ఎడపల్లి నుంచి మా చిన్నమ్మ వచ్చింది, బాపు తమ్ముడి భార్య. ఆ రోజుల్లో మా పక్కిల్లు వాళ్లదే. అవ్వ ముఖం మీద తంబాకు మాట అన్నవాళ్లలో ఆమె మొదటిది. అవ్వ ఆమె చేయి పట్టుకుని మీటరు ముందుకు తీసుకుపోయింది.

"సూడు చెల్లె. మనుసులొస్తె ఎర్రగైతది, తంబాకుకు పచ్చగనే ఉంటది. నా బిడ్డకు దమ్ము నా తంబాకుతోని రాలె. మిషినే సెప్పింది."

నలభై ఏళ్ల కింద రావాల్సిన జవాబు అది. నేను వడ్డిస్తున్నాను. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఈ మనిషి దీన్ని లోపల పెట్టుకుని నాకు జడ వేసిందా, నాకు పెళ్లి చేసిందా, నా బిడ్డకు తలంటిందా అనుకున్నాను. ఆ రోజు నుంచి అవ్వ నడకే మారింది. గల్లీలో ఎవరు కనబడినా పిలిచి మీటరు చూపించేది. దానికి పసుపు బొట్టు కూడా పెట్టింది.

కానీ మా బిడ్డకు పిల్లికూతలు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం అది మీటరు పెట్టెలోని కాగితం తీసి చదివి, నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఈ మీటరు దుమ్మును చూడనే చూడదట. మనుషులు వదిలే ఊపిరినే లెక్క పెడుతుందట. అందుకే చుట్టాలకు ఎర్రబడింది, తంబాకుకు నవ్వింది. దుమ్మును పట్టేది వేరే రకమట. ఫ్యానుతో కలుస్తుంది, ఫోనుతో కలుస్తుంది, కావలసిందొక్కటే అందులో లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. సాయంత్రం మా ఆయన మీద పడ్డాను, అది కూడా చూసుకోకుండా ఎట్లా తెప్పించావని. ముఖం బొమ్మ కావాలన్నది నువ్వే కదా అన్నాడు నెమ్మదిగా. నిజమే. అవ్వకు చదవడం వచ్చేది వెతికాను గానీ అది ఏం చదువుతుందో చూడలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఏం చేయాలో తోచలేదు. అసలు సంగతి చెబితే, ఇన్నేళ్లకు దించుకున్న బరువును మళ్లీ నేనే ఆమె నెత్తిన పెట్టినట్టు. చెప్పకపోతే కడుపుతో ఉన్న నా బిడ్డ ఆ దుమ్ములోనే పడుకోవాలి. రెండు రోజులు పిల్లల మీద కేకలు వేస్తూ బడిలో పాఠాలు చెప్పాను. మూడో రోజు ఒక అబద్ధం కట్టాను. వెనక రేకుల కింద వెలుతురు బాగుందవ్వా, కళ్లకు మంచిది, చాట అక్కడ పెట్టుకోమన్నాను. అవ్వ నన్ను తేరిపార చూసింది. చాట, జల్లెడ, కత్తెర, దారం, తంబాకు సంచి, అన్నీ తానే మోసుకుని వెనక్కి పోయింది. వారం పది రోజుల్లో మా బిడ్డకు పిల్లికూతలు సగానికి సగం తగ్గాయి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోతే మాత్రం, రాత్రి పక్క అర్రలో పిల్లికూతలు తగ్గితే అవ్వకు తెలియదా?

ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే రేకుల కింద నుంచి పిలిచింది.

"దుమ్ము సూసే మిషిను వేరే ఉన్నదంట గద బిడ్డా. గది తెప్పియ్యి."

మనవరాలిని అడిగిందట. అది కళ్లలో కళ్లు పెట్టి అబద్ధం చెప్పలేక మొత్తం చెప్పేసిందట. నేను గయ్‌మన్నాను. చాట బయటికొచ్చింది, పిల్లకు నయమైంది, ఇంకా ఎందుకవ్వా ఆ పీడ అన్నాను. అవ్వ చుట్టడం ఆపలేదు. తెప్పించమని మళ్లీ అంది. మూడోసారి అనిపించుకోవడం ఇష్టంలేక సరేనన్నాను. పుట్టబోయే పసిబిడ్డ కోసం చేయాల్సింది అవ్వ అప్పటికే చేసేసింది. ఈ మీటరు పసిబిడ్డ కోసం కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఈసారి వెతకడానికి ఒక్క పూట పట్టింది. ముఖాలు లేవు, నవ్వులు లేవు. గాలిలో సన్నటి దుమ్ము ఎంతుందో పెద్ద పెద్ద అంకెల్లో చూపిస్తుంది. ఇదీ ఫ్యానుతో కలుస్తుంది. అక్షరం రాకపోయినా అవ్వకు అంకెలు వచ్చు. ఇరవై అయిదు బీడీలకో కట్ట చొప్పున జన్మంతా లెక్కపెట్టిన మనిషి. అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డదని చెప్పాను. తల ఊపింది.

మీటరు వచ్చేసరికి వరికోతలు అయిపోయాయి. ఊరి చుట్టూ పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు. సాయంత్రమైతే మసి రాలి ఆరేసిన బట్టల మీద పడుతోంది. నడిమి అర్రలో మీటరు పెట్టగానే, ఇంకా చాట రాకముందే, నూట యాభై చూపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇదే సందు అనుకున్నాను. చూసినవా అవ్వా, తంబాకు లేకుండానే గింతున్నది, అప్పుడు మనూళ్ల గూడ చెరుకు ఆకు కాలుస్తుండిరి గద, నా దమ్ము ఆ పొగదే అన్నాను. అబద్ధమేమీ కాదు. నిజంగానే కాల్చేవాళ్లు.

"ఇయ్యాల వద్దు," అంది అవ్వ. "గడ్డి పొగ ఉన్నది. అది పోయినంక సూద్దం."

కార్ఖానాకు బీడీలు పంపే ముందు అవ్వ ఒక పని చేస్తుంది. కట్టలు విప్పి, మూతి సరిగా మడవనివి, ఆకు చిరిగినవి తానే ఏరి పక్కన పడేస్తుంది. అక్కడ చూసేవాడు ఏరే దాకా ఆగదు. వాడు చూడడులే అని మిగతా ఆడవాళ్లు కలిపి పంపుతుంటే, నా చేతితో చేసింది నాకు తెలియదా అనేది. అటువంటి మనిషి ముందు నేను గడ్డి పొగ పెట్టాను.

అయిదు రోజులు చూసింది. పొద్దున లేవగానే మీటరు దగ్గరికి వెళ్లి అంకె చూసి వచ్చేది. ఆరో రోజు ముసురు పట్టి సన్నటి వాన కురిసింది. వాన వెలిసిన తెల్లారి అంకె ముప్పై లోపలే ఉంది. మా ఆయన దుకాణానికి పోయాడు. మా బిడ్డను వాళ్ల పెద్దత్త ఇంటికి అవ్వే పంపించింది. తల స్నానం చేసి, చాట తెచ్చుకుని, నడిమి అర్రలో పాత చోటే కూర్చుంది. నన్ను ఎదురుగా కూర్చోమంది.

తంబాకు నలపడం మొదలుపెట్టింది. నలభై అయింది. అరవై అయింది. జల్లెడ పట్టింది. నూరు దాటింది. గోడకున్న ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలైంది. అంకె దిగసాగింది. నేను లోపల్లోపల ఆ ఫ్యానుకు దండం పెట్టుకున్నాను.

"ఫ్యాను బందువెట్టు," అంది అవ్వ. "ఎన్కట మనకు ఫ్యానున్నదా?"

బంద్ చేశాను.

"తలుపెయ్యి. కిటికి గూడ. తంబాకు ఎగుర్తదని మూసుకునేటోల్లం గద."

మూశాను. అవ్వ జల్లెడ పడుతూనే ఉంది. నా గొంతులో ఘాటు తగిలింది. ఆ ఘాటు నాకు అమ్మ వాసనే, వేరే పేరు తెలియదు. నూట ఇరవై. నూట అరవై. రెండు వందలు దాటి ఇంకా పోతోంది. అవ్వ జల్లెడ కింద పెట్టింది. రెండు చేతులూ దులుపుకుని చాట అంచు మీద ఆనించింది.

"గింత ఉండెనా బిడ్డా, నువ్వు పసిగ ఉన్నప్పుడు?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. మీటర్లన్నీ మోసమనొచ్చు, అప్పటి తంబాకు వేరనొచ్చు. నోరు గలదాన్నని ఊరంతా పేరు. కానీ అవ్వ మీటరును చూడటం లేదు, నా ముఖం చూస్తోంది.

"ఇంకా ఎక్కువనే ఉండొచ్చవ్వా," అన్నాను. "మనది ఒక్క అర్రనే గద."

అవ్వ తల ఊపింది. ఏడవలేదు. ఆ తరువాత నెమ్మదిగా చెప్పింది.

"నాకెర్కనే బిడ్డా. ఎవలు సెప్పక ముందుకెల్లి ఎర్కనే. జల్లెడ పట్టేటప్పుడు నిన్ను ఉప్పుకనో సల్లకనో వాడకట్టుల తోలేదాన్ని. ఎంతసేపని తోలుదు? పొద్దువోంగనే వచ్చేదానివి. చిన్నమ్మోల్లింట్ల పండుమంటె పండకపోదువు. చాట పక్కన్నే, నా మోకాలికి తలకాయి ఆనిచ్చి పండేదానివి. రొమ్ముల పిల్లికూతలు వినవడుతుండె. అయినా నిన్ను లేపబుద్ది గాకుండె."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. లేచి వెళ్లి ఆమె ఒళ్లోంచి చాట లాగి పక్కన పెట్టాను. ఆ మోకాలి దగ్గరే చతికిలబడ్డాను.

"మరేడ పండాలెనే?" అన్నాను. "నువ్వు ఆడ్నే ఉంటివి గద."